మనసు మాటకు చెవియొగ్గిన వైద్యుడు - డాక్టర్ గిరీంద్రశేఖర బోస్

- బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి, వీరపునాయునిపల్లె

మానవుడు 1969లో చంద్రుని మీద కాలు మోపాడు. అణువును చీల్చి అందులోని శక్తిని బయటికి తీశాడు. ఒకరి గుండెను ఇంకొకరికి అమర్చి బ్రతికించాడు. ఇంత సాధించిన మానవుడు తన మనసు ముందు మాత్రం ఇంకా చిన్నపిల్లవాడే. కాలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి పరుగెత్తే మనం, మనసు విరిగితే ఎక్కడికి పోవాలో తెలియక నిలబడిపోతాం. మా వైపు పల్లెల్లో ఆ సంగతి చెప్పనే అక్కరలేదు. కొత్తగా పెండ్లయిన పిల్ల ఉన్నట్టుండి మాట్లాడడం మానేస్తే గాలి సోకిందంటారు. చదువుకునే పిల్లవాడు రాత్రంతా నిద్రపోకుండా గోడవైపు చూస్తూ కూర్చుంటే ఎవరో ఏదో చేయించినారంటారు. తాయెత్తు కడతారు, దిష్టి తీస్తారు, మొక్కుకుంటారు. ఇవన్నీ ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆ పిల్ల ఎదురుగా కూర్చొని, ఏమైందో అడిగి, అడ్డం రాకుండా ఒక గంట వినే మనిషి మాత్రం ఆ ఇంట్లో కనబడడు.

అట్లా వినడమే ఒక వైద్యమని నమ్మి, ఆ నమ్మకం మీద మన దేశంలో మొట్టమొదట ఒక సంస్థను నిలబెట్టిన వైద్యుడు డాక్టర్ గిరీంద్రశేఖర బోస్. జగదీశ్ చంద్రబోస్, సత్యేంద్రనాథ బోస్, సుభాష్ చంద్రబోస్ మనకందరికీ తెలిసినవాళ్ళు. మనస్తత్వశాస్త్రం చదివేవారికి ఈ బోస్ కూడా అంతటివాడే. సైన్సు చదివే మనం ఆయన జీవితం తెలుసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

బాల్యం - విద్య

గిరీంద్రశేఖర బోస్ 1887 జనవరి 30న జన్మించాడు. తండ్రి చంద్రశేఖర బోస్ బీహారులోని దర్భంగా మహారాజు సంస్థానంలో దివాను. తొమ్మిదిమంది సంతానంలో గిరీంద్రుడు కడగొట్టువాడు. అన్న రాజశేఖర బోస్ రసాయన శాస్త్రం చదివి బెంగాల్ కెమికల్స్ కంపెనీని నడిపినవాడు. పరశురామ్ అనే కలం పేరుతో బెంగాలీలను కడుపుబ్బ నవ్వించిన రచయిత. ఈ అన్న చెయ్యి చివరిదాకా తమ్ముని భుజం మీదే ఉంది.

గిరీంద్రుడు కలకత్తా మెడికల్ కాలేజీలో చదివి 1910లో డాక్టరు పట్టా తీసుకున్నాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే ఆయనకు ఇంద్రజాలం మీద, హిప్నాటిజం మీద మక్కువ. అరచేతిలోని నాణెం మాయం కావడం చూసి అందరూ చప్పట్లు కొడతారు. కండ్లముందున్నది మనసుకు ఎందుకు కనబడకుండా పోయిందో అడిగేవాళ్ళు తక్కువ. బోస్‌ను పట్టుకున్న ప్రశ్న ఇలాంటిదే. ప్రాక్టీసు పెట్టిన తర్వాత తన దగ్గరికి వచ్చే రోగుల్లో కొందరికి ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా బాధ మాత్రం నిజంగా ఉండడం గమనించాడు. అటువంటి వాళ్ళకు మొదట్లో హిప్నాటిజం వాడాడు. క్రమంగా దాన్ని వదిలి, వాళ్ళ చేత మాట్లాడించి వినే పద్ధతికి వచ్చాడు.

సరిగ్గా ఆ కాలంలోనే వియన్నా నగరంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ అనే నాడీ వైద్యుడు ఇదే బాట పట్టి చాలా దూరం పోయి ఉన్నాడు. కలల మీద ఆయన రాసిన గ్రంథం 1900 నాటికే వచ్చింది. మనకు తెలియని ఆలోచనలు, పైకి రానివ్వక అణచిపెట్టిన కోరికలు మనసు అడుగున ఉంటాయనీ, అవి కలలుగా, పొరపాటు మాటలుగా, ఒక్కోసారి జబ్బుగా బయటపడతాయనీ ఫ్రాయిడ్ సిద్ధాంతం. దీనినే మనోవిశ్లేషణ అంటున్నాం. బోస్‌కు ఫ్రాయిడ్ సంగతి మొదట పత్రికల ద్వారా తెలిసింది. తర్వాత ఆయన గ్రంథాల ఇంగ్లీషు అనువాదాలు చదివి, తాను ఒంటరిగా తవ్వుకుంటున్న బావి ఇంకొక ఊళ్ళో ఎవరో తవ్వి నీళ్ళు చూశారని తెలుసుకున్నాడు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. కలకత్తా విశ్వవిద్యాలయం కొత్తగా మనస్తత్వశాస్త్ర శాఖ తెరిచినప్పుడు, ప్రాక్టీసు చేసుకుంటున్న ఈ డాక్టరు తనకన్నా చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద విద్యార్థిగా కూర్చున్నాడు. 1917లో ఎం.ఎస్సి. పూర్తి చేసి అక్కడే లెక్చరరయ్యాడు. 1921లో డి.ఎస్సి. పట్టా పొందాడు. ఆయన పరిశోధనాంశం అణచివేత, అంటే కోరికను మనసు తనకే తెలియకుండా అణచిపెట్టుకొనే తీరు. 1929 నుంచి ఆ శాఖకు అధిపతిగా పనిచేశాడు.

పార్సీబగాన్ వీధి నుంచి వియన్నాకు

ఆ పరిశోధన గ్రంథాన్ని ఆయన ఫ్రాయిడ్‌కు పంపాడు. అంత దూరదేశంలో తన శాస్త్రాన్ని శ్రద్ధగా చదివి స్వతంత్రంగా రాసినవాడు ఉన్నాడని ఫ్రాయిడ్ ఆశ్చర్యపోయి, సంతోషించి జవాబు రాశాడు. అలా మొదలైన ఉత్తరాలు పదిహేనేళ్ళకు పైగా నడిచాయి. వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. ఫ్రాయిడ్ ఫోటో కూడా చూడకుండా, ఆయన రాతలను బట్టి ఊహించి జతీంద్రకుమార్ సేన్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మను బోస్ వియన్నాకు పంపడం అందరూ చెప్పుకొనే ముచ్చట.

1922లో కలకత్తాలోని 14, పార్సీబగాన్ వీధిలో ఉన్న తన ఇంట్లోనే బోస్ భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. మొదటి సభ్యులు పదిహేనుమంది. వాళ్ళలో ఎక్కువమంది కాలేజీ అధ్యాపకులు. అంతర్జాతీయ సంఘం ఈ సంఘాన్ని గుర్తించింది. అప్పటి నుంచి చనిపోయేదాకా బోసే దానికి అధ్యక్షుడు. అదే ఇంట్లో ఉత్కేంద్ర సమితి అనే పేరుతో స్నేహితుల గోష్ఠి కూడా జరిగేది. రచయితలు, చిత్రకారులు, శాస్త్రజ్ఞులు చేరి సాహిత్యం నుంచి సైన్సు దాకా ఎన్నో మాట్లాడుకునేవారు.

ఈ వైద్యం ఎట్లా ఉంటుందో కొంచెం చెప్పాలి. మందు లేదు, సూది లేదు. రోగి వారానికి కొన్ని రోజులు నిర్ణయించిన వేళకు వస్తాడు. మనసుకు తోచినదంతా, సిగ్గనిపించినా, అర్థంలేనిదనిపించినా దాచకుండా చెబుతాడు. వచ్చిన కలలు చెబుతాడు. డాక్టరు తీర్పు చెప్పడు, నీతులు చెప్పడు, వింటాడు. కొన్నాళ్ళకు ఆ రోగి తండ్రి మీది కోపాన్నో తల్లి మీది అలకనో డాక్టరు మీదే చూపడం మొదలుపెడతాడు. అయ్య తిట్టిన కోపం ఎద్దు మీద చూపే పిల్లవాని మాదిరి అన్నమాట. డాక్టరు దానికి తిరిగి కోపగించుకోకుండా, ఆ కోపం ఎక్కడ పుట్టి ఎక్కడికి వచ్చిందో రోగి తానే చూసుకొనేటట్టు చేస్తాడు. చూసుకున్న కొద్దీ దాని పట్టు సడలుతుంది. ఇది నెలలూ సంవత్సరాలూ పట్టే పని.

ఏతం సిద్ధాంతం

బోస్ ఫ్రాయిడ్‌కు శిష్యుడే గాని అనుచరుడు కాడు. ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉంది. రోగుల మాటలు విని విని ఆయన సొంతంగా ఒక సిద్ధాంతం చేశాడు. మనిషిలో ప్రతి కోరికకూ జంటగా దానికి ఎదురుకోరిక ఒకటి పుడుతుందని దాని సారాంశం. కొట్టాలనే కోరిక ఉన్నవానిలో దెబ్బ తినాలనే కోరిక దాగి ఉంటుంది. ప్రేమించాలనే కోరిక వెనక ప్రేమ పొందాలనే కోరిక ఉంటుంది. ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి పోతుంది. పిల్లలాడే తూగుడుబల్లతో దీన్ని పోల్చాడాయన. మనకైతే బావి మీది ఏతం చాలు. ఒక కొన దిగితే రెండో కొన లేస్తుంది. కంటికి ఒక కొన కనబడినంత మాత్రాన రెండోది లేదని కాదు. కాబట్టి వైద్యం చేసేవాడు రోగిని ఎదుటివాని స్థానంలో కూడా మనసా నిలబెట్టాలి. తండ్రిని ద్వేషించేవాడు ఒక్కసారి తండ్రిగా ఊహించుకొని చూడాలి. అప్పుడు అణగి ఉన్న కొన పైకి వస్తుంది.

1929లో బోస్ తన వ్యాసాలను ఫ్రాయిడ్‌కు పంపి, తండ్రి కొడుకుల మధ్య భయం గురించి యూరపులో ఫ్రాయిడ్ చూసినది భారతీయ రోగుల్లో అదే రూపంలో కనబడడం లేదని ధైర్యంగా తెలియజేశాడు. మన మగవాళ్ళ మనసులో స్త్రీ కావాలనే, తల్లి కావాలనే కోరిక కూడా తేలికగా బయటపడుతుందని ఆయన అనుభవం. ఫ్రాయిడ్ మర్యాదగానే జవాబిచ్చాడు గాని పూర్తిగా ఒప్పుకోలేదు. బోస్ కూడా తన మాట వెనక్కి తీసుకోలేదు. అది బ్రిటిషు వాళ్ళు ఏలుతున్న కాలమని మరవగూడదు. సంఘంలో సభ్యులైన ఇద్దరు ఆంగ్లేయ అధికారులు ఇదే శాస్త్రాన్ని అడ్డం పెట్టుకొని భారతీయులు మానసికంగా ఎదగనివాళ్ళని రాస్తున్న రోజులవి. తెచ్చిన విత్తనం ఏదైనా నేలను బట్టే పండుతుందని సేద్యం చేసేవానికి తెలుసు. ఇసుకనేలలో పండినట్టు నల్లరేగడిలో పండలేదని నేలను తిట్టడం తెలివి కాదు. బోస్ నేలను పరీక్షించిన మనిషి.

అభిప్రాయభేదం వల్ల గౌరవం తగ్గలేదు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు ఈ సంఘం దంతపు విష్ణుమూర్తి విగ్రహాన్ని కానుకగా పంపింది. ఫ్రాయిడ్ దాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు.

ఆసుపత్రి - అన్నదమ్ములు

డబ్బున్నవాళ్ళకే ఈ వైద్యం పరిమితం కాకూడదని బోస్ 1933 మే నెలలో కలకత్తాలోని కార్మైకేల్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక రోగుల కోసం ఓ.పి. విభాగం ప్రారంభించాడు. తర్వాత అదే ఆర్.జి. కర్ కాలేజీ అయింది. మన దేశంలో సాధారణ ఆసుపత్రిలో ఇటువంటి విభాగం రావడం అదే మొదలు. జ్వరానికి వచ్చినవాళ్ళ వరసలోనే మనసు బాగాలేనివాడు కూడా తలెత్తుకొని నిలబడవచ్చని దాని అర్థం. 1940లో అన్న రాజశేఖరుడు ఇచ్చిన స్థలంలో లుంబినీ పార్కు మానసిక చికిత్సాలయం వెలిసింది. 1947లో సంఘం తరపున సమీక్ష అనే పత్రిక మొదలైంది. బోస్ బెంగాలీలో కలల గురించి స్వప్న అనే పుస్తకం, పురాణాల మీద పురాణ ప్రవేశ, చీమలు పాత్రలుగా పిల్లల కోసం లాల్ కాలో రాశాడు. 1953 జూన్ 3న ఆయన కన్నుమూశాడు.

వలసపోయిన వైద్యం

బోస్ బ్రతికి ఉండగానే ఆయన గురుతుల్యుని జీవితంలో పెద్ద కష్టం వచ్చింది. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించుకున్నాడు. యూదుడైన ఫ్రాయిడ్ ఆ జూన్‌లో, 82 ఏండ్ల వయసులో, ఇల్లు వాకిలి వదిలి లండన్‌కు వలసపోయాడు. విష్ణుమూర్తి విగ్రహం కూడా ఆయనతోపాటు పోయింది. ఇప్పుడది లండన్‌లోని ఫ్రాయిడ్ మ్యూజియంలో ఉంది. 1939 సెప్టెంబర్‌లో ఫ్రాయిడ్ అక్కడే మరణించాడు. ఆయన శిష్యులు అనేకులు లండన్‌కు, న్యూయార్కుకు చెదిరిపోయారు. తమది కాని భాషలో, తమలాగే ఊరు పోగొట్టుకున్న మనుషుల కష్టాలు విన్నారు. క్రమంగా ఒక్క రోగినే కాక భార్యాభర్తలను జంటగా, కుటుంబమంతటినీ కలిపి కూర్చోబెట్టి వినే పద్ధతులు వచ్చాయి. దంపతుల కోసం లండన్‌లో 1948లోనే ఒక కేంద్రం మొదలైంది. 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే డేరాల్లో ఉంచి వైద్యంలో భాగస్వాములను చేశాడు. మనవాళ్ళు బస్సెక్కి పోయే వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వారి మానసిక ఆరోగ్య కేంద్రం కూడా 1957 నుంచి రోగితోపాటు ఇంటివాళ్ళను ఉంచుకుంటోంది. ఇంట్లో ఒకనికి జబ్బు చేస్తే అది ఇంటి మధ్యన పుట్టిన జబ్బు కూడా కావచ్చునని, తగ్గించే బలమూ ఆ ఇంట్లోనే ఉందని వీళ్ళు గ్రహించారు.

మన కడప జిల్లాకు ఈ సంగతి చాలా దగ్గరిది. ఎన్ని ఇండ్ల నుంచి అమ్మలు, నాయనలు కువైట్‌కు పోలేదు! బిడ్డను అవ్వ దగ్గర వదిలి, పరాయి ఇంట్లో వేరొకరి బిడ్డను సాకే తల్లి మనసులో ఏముంటుంది? నెలనెలా డబ్బు వస్తున్నా, ఫోనులో అమ్మతో మాట్లాడనని మొండికేసే పిల్లవాని మనసులో ఏముంటుంది? బోస్ చెప్పిన ఏతానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. వాడి మొండితనం కింది కొనలో అమ్మ కావాలనే ఏడుపే ఉంది. వానలు ఎగబెట్టి, అప్పు పెరిగి, ఎవరితోనూ పలకకుండా గట్టు మీద కూర్చునే రైతు మౌనం కూడా అట్లాంటిదే. మాట రాకముందే మనిషిని పోగొట్టుకున్న ఇండ్లు మన మండలాల్లో ఉన్నాయి.

మాటలతోనే అన్ని జబ్బులూ నయమవుతాయని నేననడం లేదు. 1952 తర్వాత మంచి మందులు వచ్చాయి. కొన్ని జబ్బులకు అవి తప్పనిసరి. ఫ్రాయిడ్, బోస్ చెప్పినవాటిలో ఈనాటి విజ్ఞానం ఒప్పుకోనివీ ఉన్నాయి. అయినా మందు మింగే మనిషికి కూడా వినే మనిషి కావాలి. 2022 అక్టోబర్ నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వం తరపున ఉచితంగా మాట్లాడి సలహా ఇచ్చేవాళ్ళున్నారు. హాస్టల్ గోడ మీద ఆ నంబరు రాసిపెట్టుకోవడానికి మనకు సిగ్గెందుకు?

మిత్రులారా! బోస్ దగ్గర గొప్ప యంత్రాలు లేవు, గురువు పక్కన లేడు, రాజ్యం మనది కాదు. ఉన్నది ఒక ఇల్లు, ఆదుకునే అన్న, పదిహేనుమంది తోటివాళ్ళు, ఓపికగా వినే రెండు చెవులు. వాటితోనే ఆయన ఒక శాస్త్రాన్ని ఈ నేలలో నాటాడు. మనలో అందరం డాక్టర్లం కాబోము. కానీ పక్క గదిలోని స్నేహితుడు నాలుగు రోజులుగా అన్నానికి రాకపోతే, పిచ్చోడని నవ్వకుండా తలుపు తట్టి పక్కన కూర్చోగలం. అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడు పోగలం. గిరీంద్రశేఖర బోస్‌కు మనం ఇవ్వగల నివాళి అదే.