మనిషికి పేరు పెట్టినవాడు

బయాలజీలో హోమో సేపియన్స్ అంటే ఒక మార్కు బిట్టు. బట్టీ పట్టి ముందుకెళ్లిపోతాం. ఆ పేరు పెట్టిన కుర్రాణ్ని మాత్రం, చదువు అబ్బదని టీచర్లే తేల్చేశారు!

కార్ల్ లిన్నేయస్ 1707లో స్వీడన్‌లోని ఓ పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చిలో మతగురువు, కొడుకూ అదే కావాలని ఆశ. పిల్లాడి ధ్యాసంతా మొక్కల మీదే. వీడికి ఏదైనా చేతిపని నేర్పించండని బడివాళ్లు చెప్పేశారు. అప్పుడు రోత్‌మన్ అనే డాక్టరు అడ్డుపడి, వైద్యం చదివించమని తండ్రిని ఒప్పించాడు. ఆ రోజుల్లో మందులన్నీ దాదాపు మొక్కలవే కాబట్టి వైద్యంలో వృక్షశాస్త్రమూ భాగమే.

ఉప్సలా యూనివర్సిటీలో చేరాక చేతిలో చిల్లిగవ్వ లేదు. అరిగిన బూట్లలో కాగితాలు కుక్కుకుని తిరిగేవాడట. అయినా మొక్కల్ని వదల్లేదు. 1732లో, పాతికేళ్లకే, లాప్‌లాండ్ అంతా తిరిగి మొక్కల వివరాలు రాసుకొచ్చాడు.

అప్పట్లో ఒక్కో మొక్క పేరు ఓ వాక్యమంత ఉండేది. పైగా ఒక్కొక్కరు ఒక్కోలా రాసేవారు. 1753లో తన పుస్తకంలో లిన్నేయస్ ప్రతి మొక్కకూ రెండే మాటలు ఇచ్చాడు. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ఐరోపా పండితులందరికీ తెలిసిన భాష కాబట్టి లాటిన్‌లో పెట్టాడు. మన మామిడి మాంగిఫెరా ఇండికా అయింది. అంటే మామిడికాయలు కాసేది, ఇండియాది అని.

1758లో జంతువులకూ ఇదే పద్ధతి తెచ్చాడు. మనిషికి హోమో సేపియన్స్ అని పెట్టాడు. లాటిన్‌లో హోమో అంటే మనిషి, సేపియన్స్ అంటే వివేకవంతుడు. దీని మూలం సపేరె అనే క్రియ. రుచి చూడటం, తెలివి కలిగి ఉండటం, రెండూ దాని అర్థాలే.

అంతకుముందే మనిషిని కోతుల గుంపులో చేర్చి విమర్శలు తెచ్చుకున్నాడు. మిగతా జంతువులకు లక్షణాలు రాసి, మనిషి దగ్గర మాత్రం తనను తాను తెలుసుకోవాలన్న సలహా ఒక్కటే రాశాడు. కానీ అదే పుస్తకంలో మనుషుల్ని ఒంటిరంగును బట్టి విడదీసి, గుణాలు అంటగట్టాడు. ఆ వర్గీకరణను సైన్స్ తర్వాత తోసిపుచ్చింది. వివేకవంతుడని పేరు పెట్టినవాడే అక్కడ వివేకం తప్పాడు.

1778లో కన్నుమూశాడు. రెండు మాటల పద్ధతి నేటికీ నడుస్తోంది. ఈసారి లాటిన్ పేరు కనిపిస్తే బట్టీ పట్టకండి, అర్థం వెతకండి. ఇక మర్చిపోరు.