వానమేకర్ గారి కొట్టు

మాల్‌లో మీ పాప ఒక గౌను ఎంచుకుని పరుగెత్తుకొస్తుంది. మీ చేయి ముందుగా ఎక్కడికి వెళ్తుందో మీకూ తెలుసు, కాలరు దగ్గర వేలాడే ధర చీటీ మీదికి. ధర నచ్చితే కొంటారు. ఇంటికెళ్లాక సరిపోకపోతే బిల్లు చూపించి వెనక్కి ఇచ్చేస్తారు. నూట యాభై ఏళ్ల కిందట ఈ రెండూ వింతే. కొట్టువాడు మన ముఖం చూసి ధర చెప్పేవాడు, బేరం చేతకానివాళ్లు నష్టపోయేవాళ్లు. ఆ పద్ధతిని మార్చిన వ్యాపారుల్లో ఒకరు జాన్ వానమేకర్. మీ పిల్లలకు ఈ పేరు చెప్పి చూడండి, ఆయన వాన కురిపిస్తాడా అని అడక్కుండా ఉండరు!

ఆయన 1838లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. తండ్రిది ఇటుకల పని. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. బడికి వెళ్లింది కొన్నేళ్లే. పద్నాలుగో ఏట ఒక పుస్తకాల దుకాణంలో కబుర్లు మోసే కుర్రాడిగా చేరారు, జీతం వారానికి డాలరుంపావు. తర్వాత బట్టల కొట్లలో పని నేర్చుకున్నారు. ఇరవయ్యేళ్లకే ఫిలడెల్ఫియా వైఎంసీఏకి జీతం తీసుకునే తొలి కార్యదర్శి అయ్యారు.

1861 ఏప్రిల్‌లో బావమరిది నేథన్ బ్రౌన్‌తో కలిసి మగవాళ్ల బట్టల కొట్టు తెరిచారు. నాలుగు రోజులు తిరిగేసరికి అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అంతకంటే చెడ్డ ముహూర్తం ఉంటుందా? మొదటి రోజు అమ్మకం 24 డాలర్ల 67 సెంట్లనీ, చిల్లర 67 సెంట్లు గల్లాపెట్టెలో ఉంచి మిగతా 24 డాలర్లూ ప్రకటనకే పెట్టారనీ చెబుతారు. కొట్టు నిలబడింది. అందరికీ ఒకటే ధర, నచ్చకపోతే డబ్బు వాపసు అన్నది ఆయన పట్టు. ఈ ఆలోచన ఆయన ఒక్కరిదే కాదు. న్యూయార్క్‌లో, పారిస్‌లో అప్పటికే కొందరు ఒకే ధరకు అమ్ముతున్నారు. ఆయన దాన్ని కొట్టు పెట్టిన నాటి నుంచి వదలకుండా పాటించి, ఊరంతటికీ చాటారు.

అసలు కథ 1875లో మొదలవుతుంది. పదమూడో వీధీ మార్కెట్ వీధీ కలిసేచోట రైల్వేవాళ్లు వదిలేసిన పాత సరుకుల షెడ్డు ఉండేది. వానమేకర్ దాన్ని కొన్నారు. కొన్నాక ముందు అమ్మకాలు మొదలుపెట్టలేదు, మూడీ, శాంకీ అనే మతబోధకుల ప్రార్థనసభలకు ఇచ్చారు. 1876లో అదే కప్పు కింద పెద్ద బట్టల దుకాణం వచ్చింది. మరుసటి ఏడు అది రకరకాల విభాగాలతో డిపార్ట్‌మెంట్ స్టోర్ అయింది, గుండ్రటి వరుసల్లో కౌంటర్లు వెలిశాయి. అంటే పట్టుమని రెండేళ్లలో అదే చోటు రైలు షెడ్డు, ప్రార్థనాస్థలం, అంగడి అయింది.

తర్వాత ఆయన ఆ షెడ్డును తీసేసి పన్నెండంతస్తుల భవనం కట్టించారు. వాస్తుశిల్పి డేనియల్ బర్నమ్. అమ్మకాలు ఆపకుండా ఒక్కో భాగమే కట్టుకుంటూ వచ్చారు, 1911 డిసెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చి ప్రారంభించారు. మధ్యలో ఏడంతస్తుల ఎత్తున ఖాళీ హాలు వదిలారు. వ్యాపారి లెక్కలో అది వృథా జాగా. అక్కడ సెయింట్ లూయిస్ ప్రదర్శన నుంచి కొని తెచ్చిన పైపుల ఆర్గాన్, టన్నుకు పైగా బరువున్న కంచు గద్ద పెట్టించారు. పది వేల పైపులతో వచ్చిన ఆ ఆర్గాన్ ఈ హాలుకు చాలడం లేదని పెంచుకుంటూ పోయారు, ఇప్పుడు పైపులు ఇరవై ఎనిమిది వేలకు పైనే. ఊరివాళ్లు ఎవరినైనా కలవాలంటే గద్ద దగ్గర కలుద్దాం అనుకోవడం అలవాటైపోయింది.

ఇక బడి సంగతి. కొట్టులో చాలామంది పిల్లలు పనిచేసేవారు. వాళ్ల కోసం 1896లో కొట్టులోనే ఒక విద్యాసంస్థ పెట్టారు. లెక్కలు, ఇంగ్లీషు, వ్యాపార విషయాలు నేర్పేవారు. అసలు ఆ వయసు పిల్లలను పనిలో పెట్టుకోవడమేమిటి అని మీరు అడగవచ్చు. అడగాల్సిందే. నాకూ అది మింగుడుపడదు. కానీ బడి మానేసి పనికెళ్లిన మనిషే ఆ తరగతులు పెట్టించారన్నది మాత్రం గమనించండి.

1889 నుంచి నాలుగేళ్లు ఆయన దేశానికి పోస్ట్‌మాస్టర్ జనరల్. సొంత పార్టీవాళ్లకు పోస్టుమాస్టరు ఉద్యోగాలు పంచారని గట్టి విమర్శలే వచ్చాయి. పల్లెల్లో ఇంటింటికీ ఉత్తరాలు అందించాలని ఆయన పట్టుబడితే, అది ఆయన దిగిపోయాక 1896లో మొదలైంది. మనకూ ఒక చుట్టరికం ఉంది. మద్రాసులో హైకోర్టు దగ్గరున్న ఎర్రటి వైఎంసీఏ భవనానికి డబ్బిచ్చింది ఈయనే. 1900లో అది తెరిచేనాటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు మద్రాసే రాజధాని.

ఆయన 1922లో పోయారు. కొట్టు చాలాకాలం వారసుల చేతిలోనే నడిచింది. తర్వాత నగర శివార్లలో మాల్స్ లేచాయి, జనం కార్లలో అటు మళ్లారు. 1978లో కొట్టు చేతులు మారింది. పై అంతస్తులు ఆఫీసులయ్యాయి, అంగడి కింది అంతస్తులకు కుదించుకుపోయింది. బోర్డు మీద పేరూ మారుతూ వచ్చింది, లార్డ్ అండ్ టేలర్ అయింది, 2006లో మేసీస్ అయింది. 2025 మార్చిలో మేసీస్ కూడా మూసేసింది. ఆ భవనంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు వేయాలని ఆలోచన.

హాలు జోలికి మాత్రం అంత తేలిగ్గా ఎవరూ వెళ్లలేరు. ఆ భవనం జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందింది. మేసీస్ మూతపడే ముందు చివరి రోజుల్లో అక్కడికి జనం కిక్కిరిసి వచ్చారు. అరల్లో సరుకు అప్పటికే ఖాళీ అవుతోంది. వాళ్లు వచ్చింది కొనడానికి కాదు, గద్ద చుట్టూ నిలబడి ఆర్గాన్ వినడానికి.