సమాధి లేని రాజు

పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి ద్వీపపు ఉత్తరపు కొనలో కపాఅవు అను చిన్న ఊరు గలదు. ఏటేట జూన్ 11వ తేదీ వచ్చుసరికి ఆ ఊరివారు నిలువెత్తు పూలమాలలు గ్రుచ్చుదురు. అవి వీధి ప్రక్కనున్న కమేహమేహ మహారాజు కంచు విగ్రహమునకు. ఆ రాజు మనుమడైన ఐదవ కమేహమేహ, తాతగారి స్మృత్యర్థమై 1871లో ఈ పండుగను ప్రకటించినాడు. రాజ్యము పోయినది, రాజవంశము పోయినది. పండుగ మాత్రము నిలిచినది.

కమేహమేహ సుమారు 1758లో ఆ ప్రాంతమునందే జన్మించినాడు. ఈ శిశువు పెరిగి రాజులను జయించునని జోస్యము పుట్టగా, నాటి ప్రభువు వానిని చంపింపజూచెననియు, పురిటింటినుండి రహస్యముగా తరలించి పెంచిరనియు చెప్పుదురు. మన విద్యార్థులకు వెంటనే కంసుని కథ స్ఫురింపక మానదు. కమేహమేహ యను పేరునకు ఏకాకి యని అర్థము.

1782లో పినతండ్రి వరుసయైన కలనిఓపువు మరణించగా వారసత్వపు పోరు చెలరేగినది. అప్పటినుండి పదమూడేండ్లు యుద్ధములే. పాశ్చాత్య నావికుల ఫిరంగులు ఈతనికి తోడ్పడినవి. 1791లో దాయాదియైన కెఓవువను ఆలయ ప్రతిష్ఠకు రప్పించగా, అతడు తీరమునకు చేరుచుండగనే హతుడైనాడు. 1795లో నువ్వాను కనుమయందు శత్రుసైనికులు వందలకొద్దీ కొండకొమ్మునుండి లోయలో పడి మరణించిరి. ఈ మచ్చలను కప్పిపుచ్చి చరిత్ర చెప్పుట పిల్లలకు మేలు చేయదు.

అయితే ఆ చేతిమీదుగానే మరియొక పని జరిగినది. యౌవనమున నొక దాడిలో ఇద్దరు జాలరులను తరుముచుండగా ఆతని కాలు లావా రాతి నెఱ్ఱెలో ఇరుకుకొన్నది. వారిలో ఒకడు తిరిగి వచ్చి తెడ్డుతో ఆతని తలపై మోదగా తెడ్డు ముక్కలైనది. చంపదలచినచో చంపియుండును; చంపక పోయినాడు. కొన్నేండ్లకు ఆ జాలరిని పట్టి రాజు ఎదుట నిలిపిరి. అందరును మరణశిక్ష ఖాయమనుకొనిరి. నిరపరాధుల మీదికి పోయినది తానే గనుక తప్పు తనదేయని రాజు వానిని విడిచిపెట్టినాడు. అంతటితో ఆగక, వృద్ధులు, స్త్రీలు, బాలురు దారి ప్రక్కన పరుండినను వారికి హాని చేయరాదని 1797లో శాసించినాడు. దానికి విరిగిన తెడ్డు శాసనమని పేరు. 1978లో హవాయి రాష్ట్ర రాజ్యాంగమునందును దానికి చోటిచ్చిరి. తన తల పగిలిన సంగతిని దాచుకొనక దానినే శాసనమునకు పేరుగా ఉంచనిచ్చిన రాజులు ఎందరుందురు?

1810లో కవాయి ద్వీపాధిపతి యుద్ధము లేకయే లోబడగా ద్వీపములన్నియు ఒక్క ఛత్రము క్రిందికి వచ్చినవి. 1819 మే 8వ తేదీన కమేహమేహ కైలువాలో కన్నుమూసినాడు. ఆచారము ననుసరించి ఆతని అస్థికలను నమ్మకస్థులు రహస్యముగా దాచిరి. ఆ చోటు నేటికిని ఎవరికిని తెలియదు.

సమాధి లేనందున కాబోలు, విగ్రహము మీద కపాఅవు వారికి అంత మమకారము. దాని కథయు చిత్రమైనదే. గౌల్డ్ అను అమెరికా శిల్పి రూపొందింపగా పారిస్‌లో పోతపోసిన ఆ విగ్రహము 1880లో ఫాక్లాండ్ ద్వీపముల చెంత ఓడతో సహా మునిగినది. బీమా సొమ్ముతో పోయించిన రెండవ విగ్రహము హోనలూలూ రాజధానిలో వెలసినది. అంతలో మొదటిది సముద్రమునుండి బయటపడగా 1883లో రాజు జన్మస్థలమునకు చేర్చిరి. ఊరివారు దానికి మనిషి రంగులు పూసినారు. ఉప్పుగాలికి వెలిసినప్పుడెల్ల మరల పూసినారు. 1990లలో మరమ్మతుకు వచ్చిన నిపుణునికి, తొలినాటి లోహకాంతి తేవలెనా, రంగులే ఉంచవలెనా యను ప్రశ్న ఎదురైనది. శాస్త్రము మొదటిదానినే మెచ్చును. ఊరివారు చాలకాలము చర్చించుకొని రంగులే కావలెననిరి. 2001లో అట్లే జరిగినది. రాజు వారివాడు, ఆ మాట చెల్లుట న్యాయమే.

పండుగనాడు స్త్రీలు పొడవైన రంగుల వస్త్రములు ధరించి గుఱ్ఱములపై ఊరేగుదురు. ఒక్కొక్క ద్వీపమునకు ఒక్కొక్క రంగు, ఒక్కొక్క పువ్వు. విగ్రహము ఎడమచేత బల్లెము పట్టి కుడిచేయి చాచి నిలిచియుండును. ఊరివారు తెచ్చిన మాలలు చాచిన ఆ చేతినుండి వ్రేలాడును.