ఆన్రీ ప్వాంకరే జీవితము

లోకమున గొప్ప పండితులు పలువురు కలరు. తమ పనిని తామే కఠినముగా పరీక్షించి, తప్పు కనబడినప్పుడు దానిని దాచక ఒప్పుకొనువారు మాత్రము కొలదిమందియే. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడగు ఆన్రీ ప్వాంకరే అట్టివారిలో నొకడు. ఆయన చరిత్రమును మన బాలబాలికలు తెలిసికొనుట మేలు.

ప్వాంకరే 1854వ సంవత్సరము ఏప్రిలు 29వ తేదీన నాన్సీ పట్టణమున జన్మించెను. తండ్రి వైద్యశాస్త్రమును బోధించు ఆచార్యుడు. ఐదవయేట బాలునికి కంఠసర్పి యను వ్యాధి సోకి, పెక్కు మాసములు మాట పడిపోయెను. చూపు కూడ మందమగుటచే తరగతిలో నల్లబల్లమీది వ్రాత సరిగా కనబడెడిది కాదు. అందుచేత ఆయన ఉపాధ్యాయుడు చెప్పినది శ్రద్ధగా విని, దానినంతయు మనస్సునందే నిలుపుకొనుట కలవాటుపడెను. లోపమే ఆయనకు గురువయ్యెను.

1870లో ప్రష్యా దేశముతో యుద్ధము వచ్చి, శత్రుసైన్యము నాన్సీని ఆక్రమించెను. ఆ దినములలో జర్మను వార్తాపత్రికలను చదువుటకై ఈ బాలుడు జర్మను భాషను నేర్చుకొనెను. 1873లో పారిసులోని ఎకోల్ పోలిటెక్నిక్ విద్యాలయ ప్రవేశపరీక్షయందు ప్రథముడుగా నెగ్గెను. అయినను చిత్రలేఖనమునందు మాత్రము ఆయన చేయి ఎన్నడును కుదురలేదు.

పిమ్మట గనుల విద్య నభ్యసించి, 1879లో వెసూల్ పట్టణమున గనుల ఇంజనీరుగా పనిచేసెను. ఆ యేడే సమీపమందలి ఒక బొగ్గుగనిలో వాయువు మండి పలువురు కూలీలు మరణించిరి. ప్వాంకరే తానే గనిలోనికి దిగి విచారించెను. గునపపు పోటువలన రంధ్రము పడిన ఒక రక్షణదీపమే ఆ ప్రమాదమునకు మూలమని నిర్ణయించెను. చిన్న రంధ్రమెంత నాశము తేగలదో ఆయన ఆనాడే కన్నులార చూచెను.

ఆ సంవత్సరము చివరనే ఆయన కాన్ పట్టణమున అధ్యాపకుడయ్యెను. 1880లో ఒక యాత్రయందు, కూతాన్స్ అను ఊరిలో ప్రయాణికుల బండి మెట్టుపై కాలు మోపినంతనే, విషయమొకటి మనస్సునకు స్ఫురించెను. చక్రమును చక్రముగానే యుంచి దాని లోపలి బిందువులను మార్చు విధములకును, యూక్లిడు రేఖాగణితమునకు భిన్నమైన క్రొత్త రేఖాగణితమునకును సంబంధము కలదనునదే ఆ స్ఫురణము. అయినను ఆయన దానిని నమ్మి ఊరకుండక, ఇల్లు చేరినపిదప తీరికగా సరిచూచి స్థిరపరచెను.

ఇక ఆయనకు గొప్ప పరీక్ష వచ్చెను. స్వీడను, నార్వే దేశముల రాజగు రెండవ ఆస్కారు తన అరువదవ జన్మదినమున, అనగా 1889 జనవరిలో, గణితమునకు ఒక బహుమానము నొసగెను. పరస్పరము ఆకర్షించుకొను ఖగోళములు కలకాలము ఎట్లు చరించునను ప్రశ్నపై ప్వాంకరే వ్రాసిన వ్యాసమునకు స్వర్ణపతకమును, 2,500 క్రౌనులును లభించెను. వ్యాసము అచ్చగుచుండగా ఫ్రాగ్మెన్ అను యువపండితుడు కొన్ని సందేహములు వెలిబుచ్చెను. వానికి సమాధానము వెదకుచు ప్వాంకరే తన వ్యాసమునందే పెద్ద తప్పొకటి గుర్తించెను. ఆయన వెంటనే సంపాదకునకు ఆ సంగతి తెలియజేసి, అప్పటికి అచ్చయిన ప్రతులకగు వ్యయమును తానే భరించెను. అది బహుమానపు సొమ్మును మించినది! 1890లో వెలువడిన సవరించిన వ్యాసము మొదటిదానికన్న మిక్కిలి లోతైనది. ఆ తప్పు వెనుక దాగియున్న చిక్కుచలనములే నేటి శాస్త్రజ్ఞులు పరిశీలించు ఒక గొప్ప శాస్త్రమునకు బీజములయ్యెను.

1907లో ఆయన మరల చక్రముల విషయమునకు వచ్చెను. సంకీర్ణసంఖ్యను సమతలముపై ఒక బిందువుగా చూపవచ్చును. అంచును విడిచి వృత్తముయొక్క లోపలి భాగమును చక్రమందుము. రంధ్రములు లేక ఒక్క ముక్కగానున్న ఏ ప్రదేశమునైనను, సమతలమంతయు కానిచో, సంకీర్ణ నియమము తప్పక చక్రముగా మార్చవచ్చునని 1851లో జర్మను గణితజ్ఞుడు రీమన్ ప్రకటించెను. చతురస్రపు లోపలి భాగమును సైతము అట్లు మార్చవచ్చును. ఒకచోట నిజమైనది రెండు చలరాశులకును నిజమగునని ఎవరైనను తలంతురు. కాని ప్వాంకరే పరీక్షించి చూచెను. రెండు సంకీర్ణసంఖ్యలతో ఏర్పడు గోళమును తనలోనికే మార్చు విధములను లెక్కించినచో, అవి 8 స్వతంత్ర కొలతలపై ఆధారపడును. రెండు చక్రములను జతగూర్చిన ఆకృతికి అట్టివి 6 మాత్రమే. కావున ఒకదానిని రెండవదానిగా మార్చుట అసాధ్యము.

ఈ భేదము ఇంకను దూరము పోవును. చక్రమునందలి ప్రతి సంఖ్యను తనతో తాను హెచ్చించినచో, చక్రము తనపై తాను రెండు మారులు చుట్టుకొనును. అంచు సమీపమందలి బిందువులు అంచు సమీపముననే యుండును. అంచు నిట్లు కాపాడుచు మడతపెట్టు పరివర్తనములు చక్రమునకు లెక్కకు మిక్కిలి. గోళమునకో, అట్టి మడత ఒక్కటియు లేదు. అంచును కాపాడుచు దానిని తనలోనికి మార్చు ప్రతి సంకీర్ణ పరివర్తనమును ఒకటికి ఒకటిగానే యుండవలెను. దీనిని 1977లో హెర్బర్ట్ అలెగ్జాండర్ నిరూపించెను. ప్వాంకరే తెరచిన త్రోవయే ఇంతదూరము సాగెను.

ఆయన 1887లో ఫ్రెంచి విజ్ఞానసభకును, 1908లో ఫ్రెంచి సాహిత్యసభకును సభ్యుడుగా ఎన్నుకొనబడెను. 1912వ సంవత్సరము జూలైలో శస్త్రచికిత్స జరిగినపిదప, 17వ తేదీన పారిసున హఠాత్తుగా మరణించెను. అప్పటికి ఆయన వయస్సు ఏబది యెనిమిది సంవత్సరములు.

బాలబాలికలారా! లెక్క తప్పినప్పుడు పలకను తుడిచి దాచుకొనుట సులభము. తప్పెక్కడనున్నదో వెదకి, ఉపాధ్యాయునకు చూపుట కష్టము. రాజు మెచ్చి బహుమానమిచ్చిన వ్యాసమును సైతము ప్వాంకరే మరల పరీక్షించెను. ఒకచోట నిజమైనది మఱియొకచోట నిజమగునని ఊహించి ఊరకుండలేదు. ఆ తప్పును దాచియుండినచో ఆయన కీర్తికి అప్పటికి లోటు కలుగకుండెడిదేమో. కాని దానివలన లోకమునకు లభించిన జ్ఞానము లభించెడిది కాదు.