మారథాన్ వీరుడు అబెబె బికిలా

వాన చినుకు కోసం ఆకాశంవైపు చూసే అనంతపురం పీఠభూమి ప్రజలకు కాలినడక తరతరాలుగా జీవనంలో భాగం. తూర్పు ఆఫ్రికాలోని ఇథియోపియా కూడా పీఠభూమి దేశమే; కరవు కాటకాలను చవిచూసిన దేశమే. ఆ నేలపై పుట్టి, ప్రపంచ క్రీడాచరిత్రలో తన జాతికి శాశ్వత స్థానాన్ని సంపాదించిన ధీరుడు అబెబె బికిలా.

బికిలా 1932 ఆగస్టు 7న జాటో అనే గ్రామంలో సామాన్య కుటుంబంలో జన్మించారు. ఆయన పసితనంలోనే, 1935లో, ఇటలీ సైన్యాలు ఇథియోపియాపై దండెత్తాయి. 1941 వరకు ఆ దేశం పరాధీనమై ఉంది. యువకుడైన తరువాత బికిలా రాజధాని అడిస్ అబాబా చేరి, చక్రవర్తి హైలీ సెలాసీ అంగరక్షక దళంలో సైనికుడయ్యారు. స్వీడన్‌కు చెందిన శిక్షకుడు ఒన్ని నిస్కానెన్ ఆయనలోని శక్తిని గుర్తించి తీర్చిదిద్దారు. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైగా ఎత్తున, ప్రాణవాయువు తక్కువగా లభించే చోట చేసిన సాధన ఆయన దేహాన్ని దృఢపరచింది.

1960లో ఒలింపిక్ క్రీడలు ఇటలీ రాజధాని రోమ్‌లో జరిగాయి. అక్కడ లభించిన బూట్లు పాదాలకు అనువుగా లేకపోవడంతో, అలవాటైన రీతిలోనే ఉత్తపాదాలతో పరుగెత్తాలని బికిలా నిశ్చయించుకున్నారు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. సెప్టెంబరు 10 సాయంకాలం మొదలైన పందెం చీకటి పడ్డాక దివిటీల వెలుగులో ముగిసింది. దారిలో ఆక్సుమ్ శిలాస్తంభం ఉంది. 1937లో ఇటలీ సైన్యం ఇథియోపియా నుంచి తరలించుకుపోయిన ప్రాచీన స్తంభమది. గమ్యానికి కొద్ది దూరంలో, ఆ స్తంభం సమీపాననే బికిలా వేగం పెంచి, మొరాకో వీరుడు రాదీని వెనుకకు నెట్టారు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గమ్యం చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఒకనాడు తన దేశాన్ని ఆక్రమించిన రాజ్యపు రాజధానిలోనే ఆయన స్వర్ణపతకాన్ని అందుకున్నారు.

1964 టోక్యో ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు ఆయనకు అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగింది. అయినా ఈసారి బూట్లు ధరించి పరుగెత్తి, మరో ప్రపంచ రికార్డుతో గెలుపొందారు. ఒలింపిక్ మారథాన్‌లో రెండుసార్లు విజేతగా నిలిచిన తొలి వ్యక్తి ఆయనే. 1968లో మెక్సికోలో కాలి గాయం వల్ల మధ్యలోనే విరమించవలసి వచ్చింది. అయితే ఆ స్వర్ణాన్ని ఆయన సహచరుడు మామో వోల్డే సాధించి దేశకీర్తిని నిలబెట్టారు.

1969లో జరిగిన కారు ప్రమాదం బికిలా నడకను శాశ్వతంగా హరించింది. అయినా ఆయన కుంగిపోలేదు. చక్రాల కుర్చీలో కూర్చొని విలువిద్య పోటీలలో పాల్గొన్నారు. 1971లో నార్వేలో మంచుబండి పందెంలో విజయం సాధించారు. 1973 అక్టోబరు 25న, 41 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన వేసిన బాటలో మిరుత్స్ యిఫ్తెర్, దెరార్తు తులు, హైలీ గెబ్రసెలాసీ, కెనెనిసా బెకెలె వంటి మేటి పరుగు వీరులు ఒలింపిక్ స్వర్ణాలు సాధించారు. 2005లో ఆక్సుమ్ స్తంభం సైతం స్వదేశానికి చేరింది. నేలకు కరవు రావచ్చు గాని, సంకల్పానికి కరవు ఉండదని బికిలా జీవితం యువతకు బోధిస్తుంది.