మాయకు రూపమిచ్చిన మాధవపెద్ది గోఖలే

తెలుగునాట ‘మాయాబజార్’ చలనచిత్రాన్ని చూడనివారు అరుదు. ఆ పేరు వినగానే ఘటోత్కచుని గద, శకుని పాచికలు, తెరిచి చూచినవారికి వారి ప్రియమైన వస్తువును చూపించే ప్రియదర్శిని, ఎక్కినవారి నోట నిజం పలికించే సత్యపీఠం కళ్ళ ముందు మెదలుతాయి. వాటితో పాటు యస్.వి. రంగారావు, సావిత్రి, ఎన్.టి. రామారావుల ముఖాలు కూడా జ్ఞప్తికి వస్తాయి. కాని ఆ గదను, ఆ పీఠాన్ని, ఆ పెట్టెను తొలుత కాగితంపై గీసి, వడ్రంగుల చేత, రంగులవారి చేత చేయించినవారెవరు అన్న ప్రశ్న ప్రేక్షకులకు సాధారణంగా తట్టదు. లోకంలో లేని వస్తువును ఉన్నదని నమ్మించగలిగినవాని పేరును లోకం త్వరగా మరచిపోతుంది కాబోలు. ఆ పేరు మాధవపెద్ది గోఖలే.

గోఖలే 1917లో గుంటూరు జిల్లా పొన్నూరు సమీపంలోని బ్రాహ్మణకోడూరులో జన్మించారు. గాయకులు మాధవపెద్ది సత్యం పుట్టిన ఊరు కూడా అదే. ‘మాయాబజార్’లో వివాహ భోజనపు పాట పాడిన కంఠం సత్యానిది, ఆ భోజనశాలను కట్టించిన చేయి గోఖలేది. ఇద్దరూ ఒకే పల్లెవారు కావడం ముచ్చటైన విషయం.

ఆ పల్లె కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు ఈ ప్రాంతపు రూపురేఖలనే మార్చివేశాయి. మెట్టపంటల చోట వరిచేలు వచ్చాయి. కాలువలపై పడవలు తిరిగాయి. వంతెనలు లేని చోట్ల మనుషులు, పశువులు, బండ్లు బల్లకట్టుపై అవతలి గట్టుకు చేరేవారు. పడవలను జతచేసి, వాటిపై బల్లలు పరచి కట్టినదే బల్లకట్టు. డెల్టా పల్లెలలో కళకు కూడా కొదవ లేదు. పండుగనాళ్ళలో తోలుబొమ్మలాటలు, భాగవతుల ప్రదర్శనలు జరిగేవి. భాగవతులు ధరించే కిరీటాలు, భుజకీర్తులు తేలికైన కర్రతో చేసినవి. పగటిపూట చేతిలోకి తీసుకొని చూస్తే అవి రంగు పూసిన చెక్కముక్కలు. రాత్రి దివిటీల వెలుగులో అవే బంగారు ఆభరణాలు. విజయవాడకు దగ్గరలోని కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండితో, రంపపుపొట్టుతో చేసిన మక్కును అతికి, రంగులద్ది బొమ్మలు చేస్తారు. ఏనుగు అంబారీ అయినా అరచేతిలో పట్టేంత తేలిక. చూపునకు బరువుగా కనిపిస్తూ చేతికి తేలికగా ఉండే వస్తువును తయారుచేయడమనే ఈ విద్య ఈ నేలకు కొత్త కాదు. గోఖలే తరువాతి కాలంలో చేసిన పనిని గమనిస్తే, దాని మూలాలు ఈ పల్లె కళలలో ఉన్నాయని అనిపించక మానదు.

చిత్రకళపై మక్కువతో ఆయన మద్రాసు వెళ్ళి, అక్కడి ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చదివారు. ఆనాడు ఆ విద్యాలయానికి అధిపతి దేవీప్రసాద్ రాయ్ చౌధురి. మద్రాసు సముద్రతీరంలో బండరాతిని పెకలిస్తున్న నలుగురు శ్రామికుల కంచు విగ్రహం ఆయన సృష్టియే. రాయ్ చౌధురి చిత్రకారుడే కాక గొప్ప శిల్పి కూడా కావడం వల్ల ఆ పాఠశాల వాతావరణంలో గీతతో పాటు ఘనరూపానికి కూడా ప్రాధాన్యం ఉండేది. కాగితంపై గీసిన బొమ్మకు ఒకవైపే ఉంటుంది. వస్తువుకు నాలుగు వైపులుంటాయి. వెలుగు ఒక దిక్కు నుండి పడితే నీడ మరొక దిక్కుకు సాగుతుంది. కెమెరా ఎటు నుండి చూస్తుందో ముందుగా ఊహించి వస్తువును నిర్మించవలసిన వృత్తిలో ప్రవేశించబోయే వ్యక్తికి ఇంతకంటె తగిన శిక్షణ ఉండదు.

గోఖలే జీవితంలో మరొక పార్శ్వం ఉన్నది. ఆయన కథకులు. ‘మా. గోఖలే’ అన్న పేరుతో ఆయన రచించిన ‘బల్లకట్టు పాపయ్య’, ‘మూగజీవాలు’ తెలుగు కథాసాహిత్యంలో నిలిచిన రచనలు. డెల్టా పల్లెలలో రెక్కాడితే గాని డొక్కాడని మనుషులను, వారి మాటను, వారి కష్టాన్ని ఆయన కథలుగా మలిచారు. చిత్రకారుని కన్నుతో చూసి, పల్లె చెవితో విని వ్రాసిన కథలవి. పగలంతా స్టూడియోలో ఇంద్రభవనాలకు, పాతాళగుహలకు రూపకల్పన చేసిన వ్యక్తి, కలం పట్టినప్పుడు శ్రామికుల బ్రతుకును వ్రాశారంటే మొదట ఆశ్చర్యం కలుగుతుంది. ఆలోచిస్తే ఇందులో వైరుధ్యం లేదు. నిజమైన వస్తువు బరువు, గరుకుదనం, అరుగుదల తెలిసినవానికే లేని వస్తువును ఉన్నట్లుగా చేయడం సాధ్యమవుతుంది.

1950వ దశకంలో మద్రాసులోని వాహినీ స్టూడియో తెలుగు చలనచిత్రానికి పట్టుగొమ్మ. అక్కడ నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన విజయా సంస్థ చిత్రాలు తీసేది. చక్రపాణి తెనాలివారు. రచయిత పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవారు. దర్శకులు కదిరి వెంకటరెడ్డి రాయలసీమ నుండి వచ్చారు. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లే. ఈ బృందంలో కళాదర్శకులుగా గోఖలే, కళాధర్ కలిసి పనిచేశారు. వారి చిత్రాలలో ఏ వస్తువు ఎవరి ఊహ అని విడదీసి చెప్పబూనడం న్యాయం కాదు. చలనచిత్రం సమష్టి కళ. పింగళివారు మాటను పుట్టిస్తే, కళాదర్శకులు దానికి ఆకారమిస్తే, బార్ట్‌లే దానిపై వెలుగు ప్రసరింపజేస్తే, నటుడు దానిని చేతబట్టినప్పుడు గాని మాయ పూర్తికాదు.

1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళభైరవి’ ఈ బృందానికి అఖండమైన కీర్తిని తెచ్చింది. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రాన్ని ప్రదర్శించారు. ఉజ్జయినిలోని తోటమాలి కొడుకు రాముడు, నేపాళ మాంత్రికుడు, రాకుమారి ఇందుమతి అందులోని ప్రధానపాత్రలు. అయితే కథ అంతా ఒక విగ్రహం చుట్టూ తిరుగుతుంది. కళాదర్శకునికి ఇక్కడ ఎదురైన సమస్య సామాన్యమైనది కాదు. దేవత మూడు విధాలుగా కనిపించాలి. మొదట, గుహలో బలిని కోరుతూ నిలిచిన పెద్ద విగ్రహంగా. తరువాత, ప్రాణంతో మాట్లాడే దేవతగా. ఆపైన, కోరిన కోరికలు తీర్చే, చేతిలో ఇమిడే చిన్న ప్రతిమగా. పెద్ద విగ్రహం ప్రేక్షకునికి భయం గొలపాలి. చిన్న ప్రతిమ ఒకరి చేతి నుండి మరొకరి చేతికి మారే వస్తువు కనుక దానిని చూస్తే ఆశ పుట్టాలి. పరిమాణం ఎంత మారినా రెండూ ఒకే శక్తి రూపాలని పామరునికి కూడా క్షణంలో స్ఫురించాలి. దేవాలయ శిల్పికి ఇటువంటి చిక్కు లేదు. ఆయన మూలవిరాట్టుకు కాలం అపరిమితం, రాయి శాశ్వతం. ఉత్సవమూర్తికి శాస్త్రం చెప్పిన కొలతలున్నాయి. సినిమా శిల్పికి ఉన్నది కొయ్య, వెదురు, గుడ్డ, కాగితపు గుజ్జు, ప్లాస్టర్. గడువు కొద్ది వారాలు మాత్రమే.

ఆనాటి చిత్రాలు నలుపు తెలుపులలో ఉండేవని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఎరుపు, ఆకుపచ్చ కంటికి ఎంత భిన్నంగా ఉన్నా, తెరపై రెండూ ఒకే బూడిదరంగుగా తేలిపోయే ప్రమాదం ఉంది. అచ్చమైన తెలుపు దీపాల కాంతికి కళ్ళు చెదిరేలా మెరిసి పక్కనున్న వాటిని మింగివేస్తుంది. అందువల్ల కళాదర్శకుడు రంగులను వాటి అందాన్ని బట్టి కాక, అవి తెరపై ఏ ఛాయగా మారుతాయో దానిని బట్టి ఎంచుకోవలసి ఉండేది. బంగారం బంగారంలా కనబడడానికి బంగారు రంగే ఉండనక్కరలేదు.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఈ విద్య పరాకాష్ఠ నందుకొన్నది. అప్పటికి గోఖలే వయస్సు నలభై. బలరాముని కుమార్తె శశిరేఖను అభిమన్యునికి కాక దుర్యోధనుని కొడుకు లక్ష్మణకుమారునికి ఇవ్వనిశ్చయించడం, ఘటోత్కచుడు తన మాయతో ఆ పెళ్ళిని తారుమారు చేయడం ఇందులోని కథ. పాత్రల రూపం, అలంకరణ ఎలా ఉండాలో కళాదర్శకులు ముందుగా బొమ్మలు గీసి ఇవ్వగా, వాటిని అనుసరించి వేషధారణ చేశారు. ఈనాడు ఘటోత్కచుడనగానే మన మనస్సులో మెదిలే రూపం వ్యాసభారతం కన్నా ఆ బొమ్మలకే ఎక్కువ ఋణపడి ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

ద్వారకానగరాన్ని చూపించడానికి సుమారు 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలంలో ఒక్కొక్కటి అడుగు ఎత్తుండే చిన్న చిన్న ఇళ్ళను నిర్మించారు. ప్రతి ఇంటిలోను విద్యుద్దీపం అమర్చారు. తెరపై అది దీపకాంతులతో మెరిసే మహానగరం. ఎదురుగా నిలబడితే మోకాలి ఎత్తు కూడా లేని బొమ్మరిల్లు! కొండపల్లి బొమ్మల కొలువును నగరమంత చేసినట్లుంటుంది ఆ ఊహ. చిత్రమేమిటంటే, ఆ నగరం తెరకెక్కిన 1957లోనే, 1952లో గండిపడిన పాత ఆనకట్టకు బదులుగా విజయవాడలో ప్రకాశం బ్యారేజి పూర్తయింది. ఒకటి నీటిని నిలపడానికి కట్టినది, మరొకటి కొద్ది క్షణాలు కంటికి కనిపించడానికి కట్టినది.

ప్రియదర్శిని విషయం మరింత ఆసక్తికరం. పురాణాలలో దానికి నమూనా లేదు. మూత తెరిచి చూస్తే శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శ్రీకృష్ణునికి శకుని కనిపిస్తారు. నేటి విద్యార్థులు దానిని ల్యాప్‌టాప్‌తో పోల్చి నవ్వుకుంటారు. పోలిక సరదాయే గాని, ఆ పెట్టె గొప్పతనం అందులో లేదు. అది నగల పెట్టెలా ఉండడం వల్లనే రాజాంతఃపురంలో ఇమిడిపోయింది. వింతవస్తువు వింతగా కనిపిస్తే ప్రేక్షకుడు దానిని చూచి ఊరుకుంటాడు. పరిచితమైన వస్తువు వింతపని చేస్తే నమ్ముతాడు. సత్యపీఠం కూడా అంతే. చూడడానికి అది ఒక పీట. శకుని దానిపై పాదం మోపిన తరువాత గాని దాని మహిమ బయటపడదు.

ఇక గింబళి, గిల్పం. కంబళికి, తల్పానికి పింగళివారు సరదాగా జోడించిన జంటపదాలవి. పలకడానికి తప్ప అర్థం లేని ఆ మాటలకు కళాదర్శకులు నిజంగానే ఆకారం కల్పించవలసి వచ్చింది. మగపెళ్ళివారి తరఫున వచ్చిన శర్మ, శాస్త్రి వాటి చేతిలో పడే పాట్లు హాస్యరసాన్ని చిందిస్తాయి. పరుపు పరచిన మంచం తనంత తాను తిరిగి మనిషిని కింద పడవేయాలి, పరచిన కంబళి చుట్టుకుపోవాలి. అయితే నటులకు దెబ్బ తగలరాదు, లోపలి ఏర్పాటు కెమెరాకు కనబడరాదు. ఇది చిత్రకారుని పనియా, వడ్రంగి పనియా, యంత్రకారుని పనియా అంటే మూడూ అని చెప్పవలసి ఉంటుంది.

ఈ మాయలన్నీ చేసిన చేయే సామాన్యమైన ఇంటిని కూడా తీర్చిదిద్దింది. 1955 నాటి ‘మిస్సమ్మ’, 1962 నాటి ‘గుండమ్మ కథ’ సాంఘిక చిత్రాలు. ‘గుండమ్మ కథ’లో పనివానిగా వచ్చిన అంజి రుబ్బురోలు దగ్గర చేరి పిండి రుబ్బే దృశ్యం ప్రసిద్ధం. ఆ రోలు ఎవరినీ ఎత్తి పడవేయదు, ఎవరి మనస్సునూ చూపదు. కాని ఆ పెరడు, ఆ వంటసామగ్రి తెలుగువారి ఇంటిలోనివే అనిపించకపోతే ఆ హాస్యం పండదు. బల్లకట్టు పాపయ్య కథ వ్రాసిన కలం, ఈ పెరటిని అమర్చిన కన్ను ఒకరివేనని ఇక్కడ స్పష్టమవుతుంది. మాయావస్తువులకు వచ్చినంత పేరు ఈ సామాన్యవస్తువులకు రాలేదు. ఆయన పనితనాన్ని కొలవడానికి మాత్రం రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడాలి.

చిత్రీకరణ ముగిసిన మరునాడు స్టూడియోలో జరిగే పని సెట్టు విప్పడం. మేకులు ఊడబెరికి, పనికివచ్చే కొయ్యను తరువాతి చిత్రానికి దాచి, తక్కినదానిని పారవేయడం రివాజు. రాజమందిరపు స్తంభాలు మరొక కథలో ఇంటి తలుపులై తేలేవి. అమరావతి శిల్పి చెక్కిన పాలరాయి రెండువేల సంవత్సరాల తరువాత కూడా సందర్శకుని ముందు నిలుస్తున్నది. అదే కృష్ణాతీరం నుండి వచ్చిన గోఖలే నిర్మించినవి మాత్రం వెలుగునీడలుగా ఫిల్ముపై తప్ప మరెక్కడా నిలిచేవి కావు. విజయవాడ గాంధీనగరంలోని పంపిణీ కార్యాలయాల నుండి ఆ ఫిల్ము రేకుడబ్బాలలో బయలుదేరి, డెల్టా పట్టణాల సినిమాహాళ్ళకు, పల్లెల టూరింగ్ టాకీసులకు చేరేది. పగలు కాలువలో కాళ్ళు కడుక్కొన్న కూలి రాత్రి డేరాలో నేలపై కూర్చుండి ద్వారకను చూచేవాడు. గోఖలే కథలలోని మనుషులే గోఖలే కట్టిన నగరానికి ప్రేక్షకులు.

గోఖలే 1981లో మరణించారు. 2010 జనవరిలో ‘మాయాబజార్’కు కంప్యూటర్ల సాయంతో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు. ఏ కిరీటానికి ఏ రంగు వేయాలో, ఏ స్తంభం పచ్చనిదో, ఏ తెర ఎర్రనిదో నిర్ణయించవలసిన పని, అర్ధశతాబ్దం తరువాత, ఆ సెట్టును ఎన్నడూ చూడని యువసాంకేతికులపై పడింది.