డ్రెనిత్సా కొండల యోధుడు ఆజెమ్ గలిత్సా

దౌర్జన్యానికి గురైనవాడు ఆత్మరక్షణ కోసం పోరాడటానికి ఇస్లాం అనుమతి ఇస్తుంది. ఆ అనుమతితోపాటే ఒక హద్దు కూడా గీస్తుంది. తమపై యుద్ధానికి వచ్చినవారితోనే పోరాడాలని, ఆ పోరాటంలో కూడా హద్దు మీరకూడదని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తుంది. ఇల్లూ వాకిలీ, పొలమూ పుట్రా పోగొట్టుకుని కడుపు మండి ఉన్న మనిషికి ఈ ఆదేశాన్ని పాటించడం చాలా కష్టం. కాని విశ్వాసికి అసలు పరీక్ష అక్కడే ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ఐరోపా ఖండంలోని కొసావో ముస్లిములు ఈ పరీక్షనే ఎదుర్కొన్నారు. వారి నాయకుల్లో సుప్రసిద్ధుడు ఆజెమ్ గలిత్సా. ఆజెమ్ బెయ్తా అనే పేరు కూడా ఆయనకుంది.

జననం, ఆనాటి పరిస్థితులు

ఆజెమ్ 1889లో కొసావోలోని డ్రెనిత్సా ప్రాంతంలో గలిత్సా అనే కొండపల్లెలో ఒక అల్బేనియన్ కుటుంబంలో జన్మించారు. ఊరి పేరే ఆయన ఇంటిపేరుగా స్థిరపడింది. అప్పటికి ఆ ప్రాంతం ఉస్మానియా సామ్రాజ్యంలో భాగం. అక్కడి అల్బేనియన్లలో అత్యధికులు ముస్లిములు, కొందరు క్రైస్తవులు.

1912లో బాల్కన్ యుద్ధం వచ్చింది. ఉస్మానియా సేనలు ఓడిపోయాయి. సెర్బియా సైన్యం కొసావోను ఆక్రమించుకుంది. మరుసటి సంవత్సరం లండన్‌లో సమావేశమైన అగ్రరాజ్యాలు అల్బేనియాను స్వతంత్ర దేశంగా గుర్తించాయి కాని కొసావోను సెర్బియాకే వదిలేశాయి. ఒకే భాష మాట్లాడే బంధువుల మధ్య సరిహద్దు గీత పడింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్ట్రియా, బల్గేరియా సేనలు వచ్చాయి. ఆజెమ్ ఆస్ట్రియా సేనలతోనూ పోరాడారు. 1918లో యుద్ధం ముగిశాక కొసావో మళ్ళీ సెర్బుల పాలనలోకి వెళ్ళింది. సెర్బులు, క్రొయేట్లు, స్లొవీన్లు కలిసి ఏర్పరచుకున్న ఆ కొత్త రాజ్యమే తర్వాత యుగోస్లావియా అయింది.

కొత్త పాలనలో అల్బేనియన్ల పాఠశాలలు మూతపడ్డాయి. ఆయుధాలు స్వాధీనం చేసుకునే నెపంతో సైనికులు గ్రామాలపై పడ్డారు. 1920లో వలసల చట్టం తెచ్చి, స్థానికుల భూములను బయటినుంచి రప్పించిన సెర్బు, మాంటెనెగ్రో కుటుంబాలకు పంచిపెట్టడం మొదలుపెట్టారు.

కచాక్ ఉద్యమం

ఈ పరిస్థితుల్లో అనేకమంది యువకులు తుపాకులు పట్టుకుని కొండల్లోకి వెళ్ళారు. వారిని కచాక్‌లు అనేవారు. తుర్కీ భాషలో ఈ మాటకు పరారీలో ఉన్నవాడు అని అర్థం. ప్రభుత్వం దృష్టిలో వారు బందిపోట్లు, ప్రజల దృష్టిలో రక్షకులు. 1919లో డ్రెనిత్సాలో ఆజెమ్ నాయకత్వాన దాదాపు 10,000 మంది తిరగబడ్డారు. సైన్యం ఆ తిరుగుబాటును అణచివేసింది కాని ఆజెమ్ లొంగలేదు.

ఆయన ప్రభుత్వం ముందుంచిన కోరికలు గమనించదగినవి. అల్బేనియన్లను చంపడం ఆపాలి, వారి భూములు లాక్కోకూడదు, వలసలు నిలిపివేయాలి, అల్బేనియన్ పాఠశాలలు తెరవాలి, పాలనలో తమ భాషకు స్థానం ఇవ్వాలి, తిరుగుబాటుదారుల కుటుంబాలను నిర్బంధించకూడదు, కొసావోకు స్వపరిపాలన హక్కు ఇవ్వాలి. ఇరుగుపొరుగు సెర్బులను వెళ్ళగొట్టమన్న కోరిక వాటిలో లేదు.

పోరాటానికి నియమాలు

ఈ ఉద్యమానికి అండగా నిలిచింది అల్బేనియాలోని ష్కోడర్ పట్టణంలో ఏర్పడిన కొసావో కమిటీ. దాని నాయకుడు ఖోజా కద్రీ. ఇస్తాంబుల్‌లో చదువుకున్న ధార్మిక పండితుడాయన. 1919లో ఆ కమిటీ తిరుగుబాటుదారులకు నియమావళి జారీ చేసింది. ఆయుధం పట్టని సెర్బులకు ఎవరూ హాని తలపెట్టరాదు. ఎవరి ఇంటికీ నిప్పు పెట్టరాదు. చర్చిని ధ్వంసం చేయరాదు.

పాఠకులకు ఇక్కడ హజ్రత్ అబూబకర్ (రజి) గుర్తుకు రాకమానరు. సిరియా వైపు సేనను పంపుతూ స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, పండ్ల చెట్లు నరకవద్దని, మఠాల్లో ఉన్న సన్యాసుల జోలికి పోవద్దని ఆయన తాకీదు చేశారు. కచాక్ దళాలన్నీ ఈ నియమాలను తు.చ. తప్పక పాటించాయని చెప్పలేం. దోపిడీలకు దిగినవారూ వారిలో ఉన్నారు. కాని తమ ఇళ్ళు తగలబడుతున్నప్పుడు కూడా పక్కవాడి ఇల్లు తగలబెట్టవద్దని రాసుకున్న నియమం ఆ ఉద్యమానికి గౌరవం తెచ్చింది.

చివరి రోజులు

1923లో అల్బేనియా ప్రభుత్వమే సరిహద్దులోని జూనిక్ తటస్థ మండలంలో తలదాచుకున్న కచాక్‌లపై దళాలను పంపింది. పరాయివారి దాడికన్నా సొంతవారి దాడి ఎక్కువ బాధించి ఉంటుంది. ఒక దశలో యుగోస్లావియా ప్రభుత్వం ఆజెమ్‌తో తాత్కాలికంగా రాజీపడి, గలిత్సాతోపాటు చుట్టుపక్కల పల్లెలను ఆయన అధీనంలో ఉండనిచ్చింది. ప్రజలు ఆ పల్లెలను చిన్న అల్బేనియా అని పిలుచుకున్నారు.

ఆ శాంతి ఎంతోకాలం నిలవలేదు. 1924 జూలైలో సైన్యం ఫిరంగులతో విరుచుకుపడింది. తీవ్రంగా గాయపడిన ఆజెమ్ కొద్దిరోజులకే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు. తన శవం శత్రువుల చేతికి చిక్కకూడదన్నది ఆయన చివరి కోరిక. సహచరులు ఆయన్ను ఎవరికీ కనబడని లోతైన గుహలో ఖననం చేశారు.

ఆయన భార్య పేరు చెరీమె. ఇది అరబీలోని కరీమా అనే పేరే. షోతె గలిత్సాగా ప్రసిద్ధురాలైన ఆమె పురుష వేషంలో భర్త పక్కనే పోరాడారు. ఆయన మరణానంతరం కూడా పోరాటం కొనసాగించి, 1927లో అల్బేనియాలో పేదరికంలో మరణించారు.

మనకు పాఠం

1930లో ముగ్గురు అల్బేనియన్ కేథలిక్ మతగురువులు కొసావోలో జరుగుతున్న అన్యాయాలను నానాజాతి సమితికి రాతపూర్వకంగా నివేదించారు. బాధితుల్లో అత్యధికులు ముస్లిములు, ఫిర్యాదు చేసినవారు క్రైస్తవులు. న్యాయం పక్షాన నిలబడటానికి మతం అడ్డురాదని చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ఆజెమ్ తన జీవితకాలంలో విజయం చూడలేదు. కొసావో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 2008లో, ఆయన మరణించిన 84 ఏళ్ళకు. కాని గెలుపు ఓటములు మన చేతిలో లేవు, అల్లాహ్ చేతిలో ఉన్నాయి. మన చేతిలో ఉన్నది హద్దులో నిలబడటం ఒక్కటే. రేపు ప్రళయదినాన మనల్ని అడిగేది గెలిచావా అని కాదు, న్యాయంగా నడుచుకున్నావా అని. కోపం వచ్చినప్పుడు కూడా న్యాయం తప్పని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.